ముఠా అనే మాట

పోశన్న చెరుకు నరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. ఎడపల్లిలో తోట గట్టున కుప్పలుగా పడి ఎండుతోంది. పోశన్న మాత్రం బోధన్‌లో, సీమోను ఇంటి ముందుగదిలో, బల్ల చివర తువ్వాల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతని ఎదుటే ఆ ఇంట్లోవాళ్లు ఒక్క మాట కోసం పొద్దుటి నుంచి కొట్లాడుకుంటున్నారు.

"గా మాట ఎవలు రాసిండ్రు?" విజయ్ పాల్ ఇలా అడగడం మూడోసారి.

"నేనే టైపు చేసిన," అంది అతని భార్య రెబెకా.

"ఎందుకు చేసినవ్ అంటున్న."

రెబెకా మామ వైపు చూసింది. సీమోను కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడవాల్సినంత మురికి వాటి మీద లేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా చెరుకు నరికే కూలీలను పొలాలకు పంపే కాంట్రాక్టరు. సరిహద్దు అవతలి నుంచి వచ్చే మరాఠీ కూలీలు గుంపులు గుంపులుగా ఆయన మాట మీద నడుస్తారు. ఆ గుంపును ఇక్కడ ముఠా అంటారు. ఏ తోట ఏ రోజు నరకాలో, లారీ ఎక్కడికి రావాలో ఒకప్పుడు ఆయన జేబులోని చీటీలో ఉండేది. తర్వాత ఆ చీటీ ఫోన్‌లో గ్రూపుకెక్కింది. గ్రూపులో పెట్టింది పెట్టినట్టే లక్ష్మీరాజం చేతికి చేరేది. లక్ష్మీరాజం సీమోనుకు పోటీ కాంట్రాక్టరు. ఈ చుట్టుపక్కల వడ్లు మోసే లారీలు కూడా అతనివే.

అందుకని రెబెకా పదకొండు నెలలు కూర్చుని 'వంతు' అనే యాప్ తయారు చేసింది. అందులో ఎవరి వంతు వాళ్లకే కనబడుతుంది. రైతు రాసింది సీమోను ఆఫీసుకు తప్ప ఇంకెవరికీ చేరదు. రెండు వందల పద్దెనిమిది మంది రైతులు దాన్ని ఫోన్‌లో పెట్టుకున్నారు. అప్పుడు ఇదే ఇంట్లో అందరూ మా కోడలు, మా కోడలు అని చెప్పుకున్నారు.

నిన్న పొద్దున ఆ ఫోన్లన్నింట్లో ఎర్రటి పలక ఒకటి లేచింది. 'ఈ యాప్ హానికరం. వెంటనే తీసేయండి.' యాప్ స్టోరు వాళ్లు 'వంతు'ను తీసేశారు. ఎర్రరంగు చూసి భయపడి రైతులూ, లారీ డ్రైవర్లూ తీసేయండి అన్నచోట నొక్కేశారు. పోశన్న తోట నరకడం అయిపోయింది గానీ, ఎడపల్లికి పోవాలని లారీ డ్రైవరుకు తెలియలేదు.

తీసేయడానికి కారణం ఒక బొమ్మ. యాప్ ఎలా ఉంటుందో చూపించడానికి స్టోరు పేజీలో పెట్టిన బొమ్మ. అందులో మచ్చుకు ఒక మెసేజ్ ఉంది. 'రేపు ముఠా ఎడపల్లి వస్తది. ముందుగాల పోశన్నను నరికి లారీల ఏస్తది. తర్వాత రాజారాంను.'

బోధన్ చుట్టుపక్కల చెరుకు పండించేవాడెవడికీ ఇందులో తప్పు కనబడదు. ఇక్కడ తోటను రైతు పేరుతోనే పిలుస్తారు. "నన్నెప్పుడు నరుకుతరన్నా?" అని పోశన్నే ఫోన్ చేసి అడుగుతాడు. నవ్వకుండా అడుగుతాడు. కానీ స్టోరు ఎక్కడో ఉంది, దాని యంత్రానికి చెరుకు సంగతి తెలియదు. ముఠా ఒకటి ఊరి మీద పడి ఇద్దరు మనుషులను నరికి లారీలో వేసుకుపోతుందని అది చదువుకుంది. హింస, ముఠా నేరం అని రెండు ముక్కలు రాసి తలుపు మూసేసింది. అప్పీలు ఒక్కసారే చేసుకోవచ్చు. ఈ సాయంత్రం ఆరు గంటల లోపల చేసుకోవాలి. అది కూడా పోతే 'వంతు' ఇక లేనట్టే, రెబెకా పేరుతో ఇంకో యాప్ జన్మలో రానట్టే.

"నేను ముందుగాల వేరే రాసిన," అంది రెబెకా. "కోత బృందం రేపు పోశన్న గారి తోటకు వచ్చును అని రాసిన."

"మల్ల ఎందుకు మార్చినవ్?"

ఆమె మళ్లీ మామ వైపే చూసింది. ఆ రోజు ఈ కుర్చీలోనే కూర్చుని ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. బృందమేంది బిడ్డా, భజన బృందమా, మనోళ్లకు సమజ్ కాదు, ముఠా అని రాయి, నరుకుతది అని రాయి, మన భాషల రాయి అన్నాడు. ఆమె మన భాషలో రాసింది.

"మామా, మీకు యాది లేదా?"

సీమోను అద్దాలు పెట్టుకున్నాడు.

"ఏది?" అన్నాడు.

ఒక్క ముక్క. మరిచిపోయిన మనిషి అలా అనడు. మరిచిపోయినవాడు కాసేపు ఆలోచిస్తాడు.

వంటింటి గడపలో నుంచి అత్త ఎస్తర్ అందుకుంది. "ఇంగ ఆయన మీదికి తోస్తవా? మీ మామ చర్చిల స్టీవార్డు. ఆదివారం కానుక పళ్లెం పట్టే చేయి గది. గా చేతికి ముఠా పేరు అంటించినవ్."

"అత్తమ్మా, నేను అంటించుడేంది..."

"పోలీస్ స్టేషన్ల మా దోస్తును అడిగిన," అన్నాడు విజయ్ పాల్. "గిసుంటివి సీదా పైకి పోతయట. ఎవల పేరు కనబడితే వాళ్లను పిలుస్తరట. బాపు పేరు వస్తే ఇజ్జత్ ఏమైతది, ఎన్నడన్న సోంచాయించినవా?"

ఆ దోస్తు స్టేషన్ ముందు జిరాక్స్ దుకాణం నడుపుతాడని విజయ్ పాల్ చెప్పలేదు.

పోశన్న ఇక ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాడు. "పిల్లనెందుకంటరు సీమోనన్నా. మేమందరం ముఠా అనే అంటం కద. నువ్వు సుత గట్లనే..."

"సప్పుడు చేయకు పోశన్నా. ఇది ఇంటి ముచ్చట."

"ఇంటి ముచ్చటైతే నాకెందుకే. నా సెర్కు ఎండుతున్నది. పూట పూటకు తూకం పోతది."

"గీమెను అడుగు," అన్నాడు సీమోను, కోడలి వైపు చూడకుండా గడ్డంతో చూపిస్తూ. "గీమె ఫోన్ల ఉన్నది నీ సెర్కు."

పోశన్న తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. రెబెకా దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఏదో మంచి మాట అంటాడనుకుంది ఆమె. "గా జేబుల సీటీయే మంచిగుండె బిడ్డా," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నారు. ఆ ఇంట్లో ఎంత గొడవ జరిగినా ప్రార్థన చేయకుండా ముద్ద ఎత్తరు. ప్రార్థన చేసేది ఎప్పుడూ ఎస్తరే. ఆమెకు నచ్చనివాళ్లకు ఆ ప్రార్థన ఒక కోర్టు లాంటిది, జవాబు చెప్పుకునే వీలుండదు.

"పరలోకమందున్న తండ్రీ, ఈ అన్నం కొరకు నీకు స్తోత్రం," అని ఎస్తర్ కళ్లు మూసుకుంది. "మా ఇంటికి సదువుకున్న కోడలిని ఇచ్చినవ్, స్తోత్రం. సదువిచ్చినవ్ గని బుద్ధి ఇచ్చుడు మర్సినవ్, అదీ నీ సిత్తమే తండ్రీ. ముప్పై ఏండ్లు కష్టపడి నిలబెట్టుకున్న నా పెనిమిటి పేరును ఒక్క పూటల బుగ్గిల కలిపిన ఈ చేతులను క్షమించు. వాటికి పని తక్కువ ఇయ్యి, అణకువ ఎక్కువ ఇయ్యి. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ."

"ఆమెన్," అన్నాడు విజయ్ పాల్.

"ఆమెన్," అన్నాడు సీమోను.

ఎస్తర్ కళ్లు తెరవలేదు. చేతులు విప్పలేదు. ఇంకో ఆమెన్ రావాలి. పప్పు మీద ఆవిరి చల్లారిపోతున్నా ఆమె అలాగే కూర్చుంది. రెబెకా పెదవులు బిగించి పది దాకా లెక్కపెట్టింది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసేంత చిన్న గొంతుతో ఆమెన్ అంది. అప్పుడు అన్నం వడ్డించారు.

తినడం అయ్యాక విజయ్ పాల్ లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గొంతు మార్చాడు. గొంతు మార్చినప్పుడే అతనితో జాగ్రత్తగా ఉండాలని పెళ్లయిన ఆరేళ్లలో ఆమె నేర్చుకుంది.

"సూడు రెబెకా. స్టోరోళ్లు సాక్ష్యం అడుగుతున్నరు. ముఠా అంటే కూలోళ్లే అని సూపియ్యాలె, అంతే కద. రైతులు నీకు పంపిన మెసేజ్‌లు వందలున్నయ్ నీ ఫోన్ల. గవి తెరిచి ఫొటోలు తీసి పంపు. ఖతం."

"గది కాదు."

"ఎందుకు కాదు?"

"చర్చి హాల్ల రైతులందరిని కూసోబెట్టి బైబిల్ మీద చేయి పెట్టి చెప్పిన. మీరు రాసింది ఇంకోలు సూడరని చెప్పిన. మామనే చెప్పుమన్నరు."

అది ఊరికే చేసిన ప్రమాణం కాదు. లక్ష్మీరాజాన్ని తప్పించి సీమోనుకు చెరుకు ఇస్తున్నది ఎవరెవరో ఆ మెసేజ్‌లలో పేర్లతో సహా ఉంది. అవి బయటపడితే వచ్చే నెల వాళ్ల వడ్లకు లారీ దొరకదు. పోశన్న పేరు అందరికంటే పైన ఉంది.

"రైతుల మీదున్న ప్రేమ ఇంటి మీద లేదా?" అన్నాడు విజయ్ పాల్.

రెబెకా కిటికీ వైపు చూస్తోంది. ఉన్నట్టుండి ఆమెకు బోర్డు గుర్తొచ్చింది.

బస్టాండు దారిలో సీమోను ఆఫీసు గది మీద రేకు బోర్డు ఉంది. నీలం మీద పసుపు అక్షరాలు. 'ఇచ్చట చెరుకు నరికే ముఠాలు సప్లయ్ చేయబడును. ప్రో. పి. సీమోను, బోధన్.' విజయ్ పాల్ పుట్టిన ఏడు రాయించిన బోర్డు. నేరం చేసే ముఠా ఏదైనా బజార్లో బోర్డు కట్టుకుంటుందా? ఇంతకు మించిన సాక్ష్యం ఇంకేం కావాలి?

ఆమె లేచి సీమోను కుర్చీ దగ్గరికి వెళ్లింది. పొద్దుటి కోపం అంతా మింగేసింది.

"మామా, మన బోర్డు ఉన్నది కద. మీరు గా బోర్డు కింద నిలబడి, ముఠా అంటే చెరుకు నరికే కూలోళ్లు, గిది మా భాష, నేనే రాయమన్న అని రెండు మాటలు చెప్తే నేను వీడియో తీస్త. పోశన్నది తెరిచేది లేదు, ఎవలది తెరిచేది లేదు. మన యాప్ మనకొస్తది."

విజయ్ పాల్ ఏదో అనబోతే సీమోను చేయి ఎత్తి ఆపాడు. తర్వాత లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"బోర్డు కాడికి పోతున్న," అన్నాడు. "నువ్వు రాసుకునేది రాసుకుని రా."

పిచ్చిది, సంతోషపడింది. మామ మనసు కరిగిందనుకుంది. పొద్దుట 'ఏది?' అన్నది కొడుకు ముందు సిగ్గుపడి అన్నదే అయి ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. గంటన్నర కూర్చుని ఇంగ్లీషులో అప్పీలు రాసింది. ముఠా అంటే ఏమిటో, నరకడం అంటే ఏమిటో, తోటను మనిషి పేరుతో ఎందుకు పిలుస్తారో ఓపికగా రాసింది. రాస్తుంటే ఆమెకే నవ్వొచ్చింది. అయిదుంపావు దాటాక ఫోన్ తీసుకుని, జుట్టు సరిచేసుకుని బయల్దేరింది.

రోడ్డు మొదట్లోనే వీడియో మొదలుపెట్టింది. బస్సులు, చెరుకు ట్రాక్టర్లు, దుకాణాలు, ఇది నిజమైన బజారు అని స్టోరువాళ్లకు తెలియాలి. ఫోన్ ఎత్తి పట్టుకుని మెల్లగా నడుస్తూ ఆఫీసు ముందుకు వచ్చింది.

సీమోను స్టూలు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కుంచె. కింద ఇంటి గేటుకు వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా.

బోర్డు మీద 'ఇచ్చట చెరుకు' అని ఉంది. తర్వాత తడి నీలం. తర్వాత 'సప్లయ్ చేయబడును' అని ఉంది.

రెబెకా ఫోన్ పట్టుకున్న చేయి ఛాతీ దాకా దిగింది. ఆపడం మరిచిపోయింది.

"మామా, ఏం చేసిండ్రు?"

"చేసేది చేసిన."

"మనకున్న సాక్ష్యం గదొక్కటే."

"గందుకే తుడిసిన. రేపు పోలీసులొచ్చి నా బోర్డు సూస్తే ఏమంటరు? ముప్పై ఏండ్ల సంది ముఠా నడుపుతుండు అనరా?"

"ఎవలన్నరు మామా గట్ల? బోధన్ల ఒక్కలన్న గట్ల అంటరా?"

"బోధన్ల అనరు. బోధన్ కాని కాడ అనేదాక నువ్వే కద తెచ్చినవ్."

రంగు పలుచగా ఉంది. ఒక్క పూతకు పసుపు అక్షరాలు పూర్తిగా మునగలేదు. ముఠా అన్న మాట నీలం కింద నుంచి ఇంకా కనబడుతోంది. బోర్డు అలాగే ఉంటే అది వ్యాపారం పేరు. ఇప్పుడు ఎవరు చూసినా ఇవాళే దాచిన పేరు. ఇన్నేళ్లు నిజాయితీగా బతికిన మాటకు ఒక్క కుంచెతో దొంగ ముఖం వచ్చింది.

"మీరే రాయమన్నరు మామా," అంది రెబెకా. "యాప్ పోతే పోనీ. మీరు రాయమన్నరని ఒక్కసారి ఒప్పుకోండ్రి. నాకు గది సాలు."

సీమోను స్టూలు దిగాడు. అటూ ఇటూ చూశాడు. పక్క దుకాణం మూసి ఉంది. వేళ్ల రంగు గోడకు రాసి, దగ్గరికి వచ్చాడు.

"ఒప్పుకుంట. ముఠా అని రాయమన్నది నేనే. నరుకుతది అని చెప్పింది నేనే. గా మాట దాసింది సుత నేనే. గని గిది మన ఇద్దరి నడుమనే ఉండాలె. ఎవలన్న అడిగితే కోడలు చేసింది అంట."

"ఎందుకు మామా?"

ఆయన ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నీకేంది బిడ్డా. మీ అవ్వగారింటి పేరున్నది, మా ఇంటి పేరున్నది. ఒకటి పోతే ఇంకోటి. నాకు గిదొక్కటే పేరు."

ఏడుపు వస్తుందనుకుంది రెబెకా. రాలేదు. చూపు కిందికి దించితే ఫోన్ మీద ఎర్రచుక్క, దాని పక్కన పరుగెత్తుతున్న అంకెలు కనబడ్డాయి. వీడియో ఇంకా నడుస్తోంది. ఆయన మాట ఒక్కటి పోకుండా అందులో ఉంది.

అయిదు యాభై రెండు. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసి అప్పీలు పేజీ తెరిచింది. జాలి పడాలని కూడా అనిపించలేదు. పొద్దున గదిలో అన్న 'ఏది?', మధ్యాహ్నం తినబోయే ముందు బలవంతాన అనిపించిన ఆమెన్, ఇప్పుడు ఈ నీలం రంగు, మూడూ కలిసి ఆమె వేలిని నడిపించాయి. వీడియో జత చేసింది. మాట్లాడుతున్నది ఎవరు అన్న గడిలో పి. సీమోను, యజమాని అని రాసింది. పంపు అన్నచోట నొక్కింది.

'మీ అప్పీలు అందింది. ఇక మార్చడానికి వీలు లేదు.'

అప్పుడే విజయ్ పాల్ బండి వచ్చి ఆగింది. బోర్డు చూశాడు, తండ్రి చేతి రంగు చూశాడు, భార్య ముఖం చూశాడు. "ఏం పంపినవ్?" అన్నాడు.

"బాపు మాటనే పంపిన. బాపు గొంతుతోనే."

సీమోను కుంచె డబ్బా మీద పెట్టాడు. అది జారి కింద పడినా తీసుకోలేదు. "ఏం మాట?" అన్నాడు.

విజయ్ పాల్ ఫోన్ గుంజుకున్నాడు. వెనక్కి తీసే మీట కోసం తెరంతా వేలితో గీకాడు. అలాంటిది ఏదీ లేదు. కానీ పేజీ ఇంకా కదులుతోంది. యంత్రం వీడియోలోని మాటలు తనంతట తాను విని, ఇంగ్లీషులోకి మార్చి, ఒక్కొక్క వరుసా కింద పరుస్తోంది. విజయ్ పాల్ చదివాడు. పెదవులు ఆడించి మళ్లీ చదివాడు. ఫోన్ భార్య చేతిలో పెట్టేశాడు.

"ఏమున్నది గండ్ల?" అన్నాడు సీమోను. "నాకు ఇంగ్లీషు రాదు కద బిడ్డా. సదువు."

రెబెకా చూసింది. ఆమె గంటన్నర కూర్చుని రాసిన వివరం ఎక్కడో పైన ఉండిపోయింది. వీడియో కింద ఆయన మాటలు మాత్రమే ఉన్నాయి. ఒక్కో వరుసనూ తెలుగులోకి తిప్పి ఆమె చదివి వినిపించింది.

"గ్యాంగు అని రాయించింది నేనే. నరికేస్తుంది అని చెప్పింది నేనే. ఆ సంగతి దాచింది కూడా నేనే. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఎవరైనా అడిగితే కోడలు చేసిందని చెబుతాను. మాట్లాడుతున్నది పి. సీమోను, గ్యాంగు యజమాని."

సీమోను కొడుకు వైపు చూశాడు. కొడుకు రోడ్డు వైపు చూస్తున్నాడు.

"నేను గట్ల అనలే," అన్నాడు.

"నేనూ గట్ల రాయలే మామా," అంది రెబెకా.